రెండో జల్లెడ

ఆ ఇంట్లో పురుగులకి వాటి పెంటే మళ్ళీ తినిపిస్తున్నారట. ఈ మాట మొదట అన్నది పక్కింటి కుట్టుమిషను పిన్ని. అన్నది పాలబూత్ ఆయనతో, అదీ గొంతు బాగా తగ్గించి. పిన్ని గొంతు తగ్గించిందంటే ఆ మాట సాయంత్రానికల్లా వీధి చివరిదాకా వెళ్ళిరావాలని అర్థం. పాలబూత్ ఆయన ఆవిడ ఆశ వమ్ము చెయ్యలేదు. పాల ప్యాకెట్ల కోసం వచ్చిన వాళ్ళందరికీ చిల్లరతో పాటు ఈ కబురు కూడా చేతిలో పెట్టాడు. వాళ్ళలో ఒకడు బండికి పంక్చర్ వేయించుకోవడానికి వెళ్ళి, టైరు ఊడదీసేలోగా ఊరుకోలేక, షాపాయనకి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆ షాపాయన ఆ ఇంటి పెద్దకొడుకేనన్న సంగతి పాపం అతనికి తెలియదు.

పెద్దకొడుకు మధ్యాహ్నం భోజనానికి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు కానీ అన్నంలో చెయ్యి పెట్టలేదు. 

“ఏమ్మా, నిజమేనా?” అని అడిగాడు తమ్ముడి భార్యని.

“ఏది నిజమా బావగారూ?” అంది చిన్నకోడలు, మంచినీళ్ళ గ్లాసు పక్కన పెడుతూ.

“పురుగులకి పురుగుల పెంటే పెడుతున్నావట కదా. పంక్చర్ కోసం వచ్చినవాడు చెబుతున్నాడు. మా ఇంటి సంగతి నాకే చెబుతున్నాడు వాడు!”

“సగం నిజం.”

“ఏ సగం?”

“పురుగులకి మళ్ళీ పెడుతున్నానన్నది నిజం. పెంట అన్నది అబద్ధం.”

అత్తగారు గరిటె గిన్నెలో టంగుమనిపించింది. “అన్నం దగ్గర ఆ మాటలేంట్రా మీకు? ఈ ఇంట్లో పెంట గురించి మాట్లాడ్డానికి అందరికీ తీరికుంది, నా పిండిజల్లెడ ఏమైపోయిందో చెప్పే దిక్కు మాత్రం లేదు. దాని మొహం చూసి ఎన్నాళ్ళయింది!”

జల్లెడ మాట వినగానే చిన్నకోడలు వంటింట్లోకి తిరిగింది. వెళ్ళి పెరుగు తెచ్చి వడ్డించింది.

ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. అందులో ఇనుప ర్యాకులు, ర్యాకుల నిండా ప్లాస్టిక్ ట్రేలు, ట్రేలలో గోధుమ తవుడు, ఆ తవుట్లో పురుగులు. చిటికెన వేలంత పొడవు కూడా ఉండవు, ఎండుగడ్డి రంగు. తలుపు వేసుకుని కదలకుండా నిలబడితే షెడ్డంతా సన్నగా చినుకులు పడుతున్న చప్పుడు వినిపిస్తుంది. అది అవి తవుడు నమిలే చప్పుడు. మొదట్లో ఆ చప్పుడుకి చిన్నకోడలికి ఒళ్ళు జలదరించేది. ఇప్పుడు ఆ చప్పుడు కాస్త తగ్గితే గుండె జల్లుమంటుంది. వీధిలో పిల్లలు ఆమెని పురుగులమ్మ అంటారు. ఆమెకి కోపం రాదు. డాక్టరమ్మ, టీచరమ్మ లాగే ఇదీ ఒక ఉద్యోగం పేరే అనుకుంటుంది.

పెరిగిన పురుగుల్ని గుడ్ల ఫారం ఆసామి కొనుక్కుపోతాడు. ఆయన కోళ్ళకి అవంటే ప్రాణం. అమ్మకానికి లోటు లేదు. చిక్కంతా కొనే దగ్గరే. పురుగులు తినేది తవుడు, తవుడు ధరకేమో రెక్కలొచ్చాయి. షెడ్డులో వచ్చిందంతా అటు నుంచి అటే తవుడు కొట్టుకి పోతోంది. ఇటు బావగారి టైర్లు షాపు ముందు కాలిబాట మీద వానకి తడిసి ఎండకి ఎండుతున్నాయి. ఆయన చెడ్డవాడు కాదు. ఆ ర్యాకులు వెల్డింగ్ చేసి నిలబెట్టింది ఆయనే. అయినా మనిషి ఓపికకీ ఒక హద్దుంటుంది కదా.

“చూడమ్మా, ఈసారి పురుగులు అమ్మేలోగా మేత ఖర్చు దిగిందా, షెడ్డు నీది. దిగలేదా, ట్రేలు సర్దేసి షెడ్డు నాకిచ్చెయ్యి. నా టైర్లు పెట్టుకుంటా,” అన్నాడు, ఈ కబురు పుట్టడానికి చాలా ముందే ఒకరోజు, ముఖాన్నే.

“అలాగే బావగారూ, దించుతాను,” అంది ఆమె. ఎలా దించాలో అప్పటికి ఆమెకీ తెలియదు. కానీ అన్న తీరు చూస్తే అదెలాగో ఎప్పుడో తేల్చేసుకున్న మనిషిలాగే ఉంది. ఆమె స్వభావమే అంత. ముందు మాట ఇచ్చేస్తుంది, తర్వాత ఆ మాట వెనక పరిగెడుతుంది.

దారి పక్కింటి పెరట్లో దొరికింది.

పురుగులు పెరిగాక ట్రేని పెద్ద కళ్ళ జల్లెడలో పోసి ఆడిస్తారు. పురుగులు పైన నిలుస్తాయి, మిగతాదంతా కింద పడుతుంది. ఆ పడినదాన్ని అందరూ పెంట అనేవాళ్ళు. ఆమే అనేది. గోనెసంచుల్లో ఎత్తి గోడ మీంచి కుట్టుమిషను పిన్నికి ఇచ్చేసేది. పిన్ని గుమ్మడి పాదుకి వేసుకునేది. చెత్త పోయిందని ఈవిడకీ, ఊరికే వచ్చిందని ఆవిడకీ, ఇద్దరికీ సంతోషమే.

ఒకరోజు తీగ మీద ఆరేసిన మొగుడి యూనిఫాం చొక్కా గాలికి ఎగిరి పిన్ని పెరట్లో పడింది. తెచ్చుకుందామని వెళ్తే గోడ కింద, ఎప్పుడో తాను ఇచ్చిన సంచి కనిపించింది. పిన్ని కోళ్ళు దాని మూల చింపి తలలు దూర్చి తెగ పొడుస్తున్నాయి. ఏముందా అని వంగి చూస్తే, లోపల పురుగులు! లావుగా, నిగనిగలాడుతూ, షెడ్డులో వాటికి ఏమాత్రం తీసిపోకుండా.

ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. వెంట్రుక మందాన ఉండే పిల్ల పురుగులు జల్లెడ కళ్ళలోంచి జారి సంచిలో పడి ఉంటాయి, అది సరే. మరి ఇంత బలవడానికి ఇవి ఏం తిన్నాయి? సంచిలో ఒక్క చెంచా కొత్త తవుడు కూడా లేదే!

చొక్కా సంగతి మర్చిపోయి సంచిలో చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసింది. వేళ్ళతో నలిపితే సన్న ఇసుకలాంటి దుమ్ము రాలిపోయింది. అది పెంట. వేళ్ళ మధ్య మెత్తమెత్తగా పొరలు మిగిలాయి. అది తవుడు, తిననిది. కళ్ళముందు ఇంత తవుడు పెట్టుకుని, ఇసుకతో కలిసిందని మొత్తాన్ని చెత్త కింద గోడ దాటిస్తున్నాం అన్నమాట!

“ఏమే, మా పెరట్లో ఏం పోగొట్టుకున్నావ్?” అంది పిన్ని మిషను ఆపి, కిటికీలోంచి.

“పోగొట్టుకున్నది దొరికింది పిన్నీ,” అని ఇంటికి వచ్చేసింది. చొక్కా మర్నాడు తెచ్చుకుంది.

ఇప్పుడు కావలసిందల్లా రెండో జల్లెడ. దుమ్ము కిందికి వదిలి తవుడు పొరల్ని పైన ఆపేంత సన్నంది. బజారంతా తిరిగినా ఒకటి మరీ సన్నం, ఒకటి మరీ పెద్దది. సరిగ్గా కావలసిన కళ్ళున్నది వంటింట్లో మేకుకి వేలాడుతూ కనిపించింది. ఒక్కసారి వాడి, కడిగి, ఆరబెట్టి, ఎవరికీ తెలియకుండా మేకుకి తగిలించెయ్యాలనుకుంది. షెడ్డులోకి వెళ్ళిన ఆ జల్లెడ మళ్ళీ మేకు మొహం చూడలేదు.

పాత తవుడు సగం, కొత్త తవుడు సగం కలిపి కొన్ని ట్రేలు నింపింది. పోల్చుకోవడానికి మిగతావాటిలో అంతా కొత్తదే పోసింది. తడి కోసం అన్నిటికీ క్యారెట్ ముక్కలు వేసింది. చినుకుల చప్పుడు రెండు వరసల్లోనూ ఒకేలా వినిపించింది. పెరిగాక అరచేతిలో పోసుకుని చూస్తే ఏ ట్రేవి ఏవో ఆమెకే తెలియలేదు. తవుడు కొట్టాయన మాత్రం తేడా కనిపెట్టాడు. “ఏంటమ్మా, ఈమధ్య మా మీద శీతకన్ను వేశావు?” అన్నాడు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. ఒకసారి తిరిగొచ్చినది ఇంకోసారి ఎందుకు రాకూడదు అనిపించింది. వాడిన తవుడునే మళ్ళీ జల్లించి, మళ్ళీ వాడి, మళ్ళీ జల్లించింది. కొత్తది కలపడం కూడా చిటికెడుకి దించేసింది. కొన్నాళ్ళకి షెడ్డు తలుపు తీస్తే ముక్కుపుటాలు మండాయి. పురుగులు ట్రే అంచులు పట్టుకుని పైకి పాకుతున్నాయి. సన్నబడిపోయాయి. ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయి. సరిగ్గా ఆ పూటే బావగారు పాత జాకీ కోసం షెడ్డులోకి వచ్చాడు. 

“ఇవేంటమ్మా, ఇల్లు ఖాళీ చేస్తున్నాయా?” అన్నాడు ముక్కు మూసుకుని.

“నేనే తప్పు చేశాను బావగారూ. లాభం చూసి కళ్ళు నెత్తికెక్కాయి. ఆ తవుడులో ఇంక తినడానికేం లేదు, ఉన్నదంతా దుమ్మే. ఇక నుంచి ఒక్కసారే తిప్పుతాను. సగానికి సగం. రెండోసారి జల్లించింది ఇంక మేత కాదు, పాదులకి పోవాల్సిందే.”

ఆ లెక్కలో సగం కూడా ఆయన బుర్రకెక్కలేదు. జాకీ తీసుకుని, షెడ్డు గోడల్ని ఒకసారి కొలిచినట్టు చూసి వెళ్ళిపోయాడు. ఆ చూపులో టైర్లు వరసగా పేర్చి ఉన్నాయని ఆమెకి అర్థమైంది. ఆ ట్రేలన్నీ ఆ రోజే ఖాళీ చేసి, కడిగి, సగానికి సగం కొత్తది పోసింది. పురుగులు మళ్ళీ కిందికి దిగి తమ పని తాము చూసుకున్నాయి.

అయితే సంచులు గోడ దాటడం ఆగిపోయింది. పిన్ని కొన్నాళ్ళు ఊరుకుని, ఒకరోజు అడగనే అడిగింది.

“ఏమే, మూటలు రావట్లేదు?”

“ఇప్పుడు మాకే కావాల్సొస్తోంది పిన్నీ. దుమ్ముంది, ఇమ్మంటావా? పాదుకి ఇంకా మంచిది.”

“దుమ్ము నాకెందుకే తల్లీ, మా ఇంట్లో లేదా?” అని పిన్ని మొహం తిప్పుకుంది.

ఆ మొహం తిప్పుకోవడం గుమ్మడి పాదు కోసం కాదని చిన్నకోడలికి తెలుసు. పిన్ని కోళ్ళ గుడ్లంటే వీధి వీధంతా పడిచస్తుంది. సొన పచ్చగా ముద్దబంతి పువ్వులా ఉంటుంది. బావగారు రోజూ పొద్దున్నే రెండు ఉడకబెట్టించుకుని తింటేగానీ షాపు తాళం తియ్యడు. ఆ సొనకి రంగెక్కడ నుంచి వస్తోందో సంచి మూల చింపిన కోళ్ళకి తెలుసు, పిన్నికి తెలుసు, చిన్నకోడలికి తెలుసు. ఇంకా రెండు మూటలు పిన్ని గోడ కింద రేకు కప్పి ఉన్నాయి. రోజూ దోసెడు తీసి కోళ్ళకి వేస్తోంది. అవి అయిపోతే ఏం చెయ్యాలో ఆవిడకి తోచలేదు. తోచక, పాలబూత్‌కి వెళ్ళి గొంతు తగ్గించింది.

ఆ మాట టైర్ల షాపు దగ్గర ఆగితే బాగానే ఉండేది. అక్కడ గాలి కొట్టించుకుని ఊరవతలకి కూడా వెళ్ళింది. సాయంత్రం గుడ్ల ఫారం ఆసామి ఫోన్ చేశాడు. “ఏదో వింటున్నానమ్మా. రేపు పొద్దున్నే వస్తా. చూసుకున్నాకే సరుకు సంగతి,” అన్నాడు. మాటలో మామూలుగా ఉండే నవ్వు లేదు.

పక్కనే ఉన్న బావగారు అంతా విన్నాడు. “ఆయన వద్దంటే మాత్రం నేనేం చెయ్యలేనమ్మా. ఎల్లుండి నుంచి నా టైర్లు లోపలికొస్తాయి,” అన్నాడు. అనేసి, బాధగానే లేచి వెళ్ళాడు.

మొగుడు సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చాక సంగతంతా చెప్పి, “నువ్వేమంటావ్?” అంది.

“నాది రేపు మొదటి ట్రిప్పు,” అన్నాడతను.

“అంటే?”

“అంటే ఆ టైమ్‌కి నేను ఇంట్లో ఉండను, దేవుడి దయవల్ల.” నవ్వి, ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. “అది కాదే, పిన్ని గుడ్ల సంగతి చెప్పెయ్యరాదూ? ఒక్క మాటతో తేలిపోతుంది.”

“చెప్తే రేపట్నుంచి ఆవిడ గుడ్డు ఒక్కటి కొనరు. మిషను మీద ఎంతొస్తుందో మనకి తెలీదా? నా షెడ్డు నిలబెట్టుకోవడానికి ఆవిడ కోళ్ళ మెడలు కొయ్యనా? నా పురుగులే నా తరఫున మాట్లాడతాయి. నేను మాత్రం నోరు విప్పను.”

వరండాలో అత్తగారి మంచం కిర్రుమంది.

ఫారం ఆసామి తెల్లారగానే వచ్చేశాడు. భారీ మనిషి. స్కూటరు దిగితే స్కూటరు ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచింది. పొద్దున్నే ఏమీ తినకుండా బయల్దేరానన్నాడు. గొడవ గొడవే, మర్యాద మర్యాదే కాబట్టి బావగారు తనకోసం ఉడికించిన గుడ్లు వరండాలో ఆయన ముందు పెట్టించి, ఉప్పూ మిరియాల పొడీ పక్కన పెట్టాడు. 

“తర్వాత తింటాలెండి, ముందు పని,” అని ఆయన షెడ్డులోకి నడిచాడు.

చిన్నకోడలు రెండు ట్రేలు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. “ఒకదాంట్లో అంతా కొత్త తవుడు. రెండోదాంట్లో సగం పాతది. ఏది ఏదో మీరే చెప్పండి.”

ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. అటొక పిడికెడు, ఇటొక పిడికెడు తీశాడు. వెలుతురులో పెట్టి చూశాడు, వాసన చూశాడు, వేళ్ళ మధ్య పట్టుకుని వాటి విదిలింపు చూశాడు. జన్మంతా కోళ్ళతో గడిపిన మనిషి, తల కోడిలాగే పక్కకి వంచి చాలాసేపు ఆలోచించాడు. చివరికి ఎడమ ట్రే చూపించి, “ఇది పాతది,” అన్నాడు.

“అది కొత్తది.”

“ఊ,” అన్నాడు. మళ్ళీ చూశాడు. “ఎలా చేస్తున్నావు?”

ఆమె చేసి చూపించింది. పెద్ద జల్లెడ ఆడిస్తే పురుగులు పైన నిలిచాయి. కింద పడింది రెండో జల్లెడలో పోసింది. బూడిదరంగు దుమ్ము జలజలా రాలిపోయింది, తవుడు పొరలు మిగిలాయి. “దుమ్ము పాదులకి, పొరలు పురుగులకి. ఒక్కసారే. ఆశపడి ఇంకా తిప్పి చూశాను, నావల్ల కొన్ని ట్రేలు దెబ్బతిన్నాయి. ఆ పని మళ్ళీ చెయ్యను,” అంది. దాచుకునే సంగతేమీ లేనట్టు చెప్పింది. తలుపు దగ్గర బావగారు ఆ రాలే దుమ్మునీ, మిగిలిన తవుడునీ కళ్ళప్పగించి చూస్తున్నాడు. ఇంతకుముందు ఎప్పుడూ దగ్గర నిలబడి చూడలేదాయన.

ఆయన వెనక అత్తగారి తల కనిపించింది. చూపు సూటిగా రెండో జల్లెడ మీద ఉంది. 

“ఓహో,” అంది. 

చిన్నకోడలు పురుగుల విషయంలో తడుముకోలేదు గానీ, ఇప్పుడు మాత్రం నేల చూపులు చూసింది. అత్తగారు వచ్చి జల్లెడ లాక్కుని, బోర్లించి ఒక్కసారి తట్టి, చంకలో పెట్టుకుని బయటికి నడిచింది.

అందరూ వరండాలోకి వచ్చారు. అప్పటికే కుట్టుమిషను పిన్ని మెడలో టేపుతో అక్కడ నిలబడి ఉంది. “ఎవరో వచ్చినట్టుంటేనూ, జాకెట్టు కొలత అడుగుదామని వచ్చానక్కయ్యా,” అంది అత్తగారితో. అత్తగారు జాకెట్టు కుట్టించుకుని ఏళ్ళయింది.

ఫారం ఆసామి కుర్చీలో కూలబడి గుడ్డు అందుకున్నాడు. సగం కొరికి, ఆగి, చేతిలో మిగిలిన సగాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు. “సొన ఏంటండీ ఇలా ఉంది! ఏ ఫారంవి?”

“ఫారంవి ఏంటండీ, మా కోళ్ళవే,” అంది పిన్ని, టేపు సర్దుకుని. “వీధిలో ఎవర్నడిగినా చెబుతారు.”

“ఏం మేపుతున్నారు?”

“ఏముందండీ, పెరట్లో దొరికింది ఏరుకు తింటాయి.”

చిన్నకోడలు గోడ వైపు చూసింది.

ఆసామి మెచ్చుకోలుగా తలాడించి, ఆ సగం కూడా నోట్లో వేసుకుని రెండో గుడ్డు తీసుకున్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. “చూడమ్మా, పురుగు బాగుంది. పని శుభ్రంగా ఉంది. నా కోళ్ళకేం పేచీ ఉండదు. కానీ నా గుడ్లు కొనేది కోళ్ళు కాదు, మనుషులు. రేపు ఒకడు వచ్చి, వాడేసిన మేత తిన్న పురుగులు, ఆ పురుగులు తిన్న కోళ్ళు, ఆ కోళ్ళు పెట్టిన గుడ్లటగా అంటే ఏం చెప్పను? ఇదిగో అలాంటి గుడ్డు, తిని చూడు, తర్వాత మాట్లాడు అనడానికి చేతిలో ఒక్క గుడ్డయినా ఉండాలి కదా. ఎక్కడుంది?” 

అంటూ రెండో గుడ్డు ఉప్పులో అద్ది కొరికాడు.

బావగారు తమ్ముడి భార్య వైపు చూశాడు, ఏదైనా చెబుతుందేమోనని. నిజానికి చెబితే బాగుండునని ఆయన మొహంలోనే ఉంది. ఆమె పెదవులు బిగించుకుంది. అరచేతిలో మిగిలిపోయిన ఒక పురుగు వేళ్ళ సందులోంచి పాకుతుంటే, దాన్ని మెల్లగా రెండో చేతిలోకి తీసుకుంది.

పిన్నికి ఆ మౌనం చాలింది. 

“ఛీ ఛీ, అలాంటి గుడ్డు ఎవరు నోట్లో పెట్టుకుంటారండీ?” అంది.

అత్తగారు మంచం మీద కూర్చుని, చంకలోంచి జల్లెడ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఎవరంటావేంటే? నీ గోడ కింద రేకు తీసి రోజూ నువ్వు కోళ్ళకి చల్లేది మా మూటల్లో ఆ వాడేసిన మేతే తిని బలిసిన పురుగుల్ని కాదూ? నువ్వు వీధంతా అమ్మేవి ఆ గుడ్లే. మావాడు రోజూ పొద్దున్నే మింగేవి ఆ గుడ్లే. ఇప్పుడు ఈయన నోట్లో ఉన్నదీ అదే. ఛీ అనే వాళ్ళెవరో ముందు ఉమ్మెయ్యండి, చూస్తాను.”

ఎవరూ ఉమ్మలేదు.